‘వీ7లో వస్తుంది’

కాకినాడలోనో ఖమ్మంలోనో రెండు మూడు వేల కనెక్షన్లు నడిపే ఇంటర్నెట్ ఆపరేటర్ ఆఫీసుకు వెళ్తే, ర్యాక్‌లో మైక్రోటిక్ కంపెనీ రౌటర్ డబ్బా కనిపించే అవకాశం బాగా ఎక్కువ. ముందువైపు చిన్న ఎల్‌సీడీ తెర, వరసగా పోర్టులు, లోపల 36 కోర్ల ప్రాసెసర్. ఊళ్లో కేబుల్ టీవీ నడిపినవాళ్లు చాలామంది ఇలాగే ఇంటర్నెట్‌లోకి వచ్చారు. కొందరు జిల్లా స్థాయి కేటగిరీ సీ లైసెన్సు తీసుకున్నారు, కొందరు పెద్ద ప్రొవైడర్‌కు ఫ్రాంచైజీగా ఉండిపోయారు. సిస్కో, జునిపర్ లాంటి పెద్ద కంపెనీల రౌటర్ల ధరలు వాళ్లకు అందవు. లాట్వియా రాజధాని రీగాలో 1996లో మొదలైన మైక్రోటిక్ అందుతుంది. బ్రెజిల్‌లోనూ, దక్షిణాఫ్రికాలోనూ, అమెరికా పల్లెల్లో టవర్ల మీద వైర్‌లెస్ ఇంటర్నెట్ ఇచ్చే చిన్న కంపెనీల్లోనూ ఇదే కథ.

అదే ఆపరేటర్లు అదే కంపెనీ మీద కొన్నేళ్లుగా విసుక్కుంటున్నారు. డబ్బా పాడైందనో, ధర పెంచారనో కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్న దగ్గరే పేచీ. ఇంట్లో టీవీకి సినిమాలు పంపే సర్వర్ రౌటర్‌లోకి వచ్చింది, మా లింకు తెగిందని చెప్పే ఫీచర్ మాత్రం రాలేదు అన్నది వాళ్ల ఫిర్యాదు సారాంశం. కొంచెం మంట కలిపి చెప్పిన మాటే అయినా అబద్ధం కాదు.

గొడవ మూలం మైక్రోటిక్ ఆపరేటింగ్ సిస్టమ్ రౌటర్‌ఓఎస్‌లో ఉంది. దాని ఆరో వెర్షన్, అందరూ వీ6 అనేది, 2013లో వచ్చింది. అడుగున పునాదిగా ఉన్నది లినక్స్ కెర్నెల్ 3.3.5. కెర్నెల్ 3.3 విడుదలైంది 2012 మార్చిలో. ఆ తర్వాత లినక్స్ ఎంత దూరం వెళ్లినా, వీ6 అదే పునాది మీద కూర్చుంది. పైన గదులు కట్టుకుంటూ పోయారు గానీ పునాది ముట్టుకోలేదు.

ఆ పునాది కంటే ఎక్కువ బాధపెట్టింది బీజీపీ. ఏ నెట్‌వర్క్‌కు ఏ దారిన పోవాలో ప్రొవైడర్ల రౌటర్లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి ఇది. ఆ దారుల పట్టిక ఏటా పెరుగుతూనే ఉంటుంది. 2014 ఆగస్టులో అది 5,12,000 గీత దాటిన రోజు ప్రపంచంలో చాలాచోట్ల పాత రౌటర్లు తడబడ్డాయి. ఇప్పుడు పాత తరం చిరునామాల ఐపీవీ4 పట్టిక ఒక్కటే పది లక్షల దరిదాపుల్లో ఉంది, కొత్త తరం ఐపీవీ6 మరో రెండు లక్షల పైమాటే. ప్రొవైడర్ల కోసం మైక్రోటిక్ చేసే సీసీఆర్ రౌటర్లలో, 1036లో 36 కోర్లున్నా, సీసీఆర్ 1072లో 72 ఉన్నా, వీ6లో బీజీపీ పని మొత్తం ఒక్క కోర్ మీదే నడిచేది. ముప్పై అయిదు మంది కూలీలు గట్టున కూర్చుంటే ఒక్కడే కాలువ తవ్వినట్టు. అప్‌స్ట్రీమ్ లింకు, అంటే ఆపరేటర్‌కు ఇంటర్నెట్ అమ్మే పెద్ద ప్రొవైడర్‌తో కలిపే లింకు, ఒకసారి పడి లేచిందంటే, పట్టిక మళ్లీ సర్దుకోవడానికి సెకన్లు కాదు, నిమిషాలు పట్టేది.

దీని గురించి అడిగినవాళ్లకు ఏళ్ల తరబడి అందిన సమాధానం ఒక్కటే, వీ7లో వస్తుందని. సురక్షిత కనెక్షన్లిచ్చే ఓపెన్‌వీపీఎన్ వేగంగా ఉండే యూడీపీ పద్ధతిలో నడవాలంటే వీ7. కొత్త కెర్నెల్ కావాలంటే వీ7. బీజీపీ అన్ని కోర్లనూ వాడుకోవాలంటే వీ7. సంబంధం కుదిరింది, ముహూర్తమే తేలలేదన్నట్టుగా సాగింది వ్యవహారం. చివరికది జోకుగా మారిపోయింది. ఏ ఫీచర్ గురించి అడిగినా ఆపరేటర్లే నవ్వుతూ ‘వీ7లో వస్తుందిలే’ అనుకునే స్థితి. అందరూ దించుకుని చూడగలిగే బీటా 2019లో వచ్చింది. స్టేబుల్ అన్న పేరుతో 7.1 బయటికి వచ్చింది 2021 డిసెంబరులో.

ఇక్కడ కంపెనీకి న్యాయం చేయాలి. వీ7 చిన్న పని కాదు. కెర్నెల్‌ను 3.3.5 నుంచి 5.6.3కి లాగారు. బీజీపీ, సొంత నెట్‌వర్క్ లోపల దారులు చూసే ఓఎస్‌పీఎఫ్ లాంటివున్న రౌటింగ్ భాగాన్ని మొదటి నుంచి తిరగరాశారు. పాత డబ్బాల్లోని టైలెరా చిప్‌లది ఇంకో తలనొప్పి. ఆ చిప్ కంపెనీ ముందు ఈజీచిప్ చేతికి, తర్వాత మెలనాక్స్ చేతికి, చివరికి ఎన్విడియా చేతికి పోయింది. ఆ ప్రాసెసర్ల మద్దతును 2018లో లినక్స్ 4.17 నుంచే తీసేశారు. అంటే 5.6.3 కెర్నెల్‌ను పాత సీసీఆర్‌ల మీద నడిపించాలంటే, లినక్స్ ప్రపంచం వదిలేసిన బరువును ఈ కంపెనీ ఒక్కతే మోయాలి. మోసింది. ఏ పెద్ద కంపెనీ అయినా ‘ఆ మోడల్ ఇక సపోర్ట్ లేదు, కొత్తది కొనండి’ అని చేతులు దులుపుకునేది.

అయినా ఎంచుకున్న కెర్నెల్ మీద సణుగుడు తప్పలేదు. 5.4, 5.10 దీర్ఘకాలం మరమ్మతులు అందే కెర్నెల్స్. మధ్యలోని 5.6 అలాంటిది కాదు, 2020 జూన్‌లోనే దాని మద్దతు ముగిసింది. 7.1 స్టేబుల్ అయ్యేనాటికి ఆ కెర్నెల్‌ను లినక్స్ వాళ్లు వదిలేసి ఏడాదిన్నర. భద్రతా మరమ్మతులు వెనక్కి తెచ్చి అతికించే పని ఇక కంపెనీదే.

అసలు కోపం మాత్రం కొత్తగా రానివాటి మీద కాదు, ఉన్నవి పోవడం మీద. తిరగరాసిన ఇల్లు కొత్తగా ఉంది, కానీ పాత ఇంట్లో ఉన్న కొన్ని గదులు ఇందులో లేవు.

వాటిలో అందరికీ తగిలింది లింకు తెగితే వెంటనే పసిగట్టే బీఎఫ్‌డీ. ఆపరేటర్ రౌటర్ నుంచి అప్‌స్ట్రీమ్ ప్రొవైడర్ వరకు ఫైబర్ నేరుగా ఉండదు. మధ్యలో ఎవరిదో స్విచ్ ఉంటుంది. ఆ స్విచ్‌కు అవతల జేసీబీ ఫైబర్ తెంపిందనుకోండి. ఇవతల పోర్టులో దీపం వెలుగుతూనే ఉంటుంది, లింకు బాగానే ఉందని రౌటర్ నమ్ముతుంది. అవతలివాడి నుంచి ఉలుకూ పలుకూ లేదని బీజీపీ తేల్చుకోవడానికి పట్టే సమయం, సెట్టింగులు మార్చకపోతే, 180 సెకన్లు. రెండో అప్‌స్ట్రీమ్ పక్కనే ఖాళీగా ఉన్నా ఆ మూడు నిమిషాలూ ట్రాఫిక్ తెగిన దారిలోకే పోయి మాయమవుతుంది. మూడు నిమిషాలంటే వినడానికి తక్కువే. సాయంత్రం ఎనిమిదింటికి ఐపీఎల్ మ్యాచ్ నడుస్తుంటే ఆ మూడు నిమిషాల్లో కస్టమర్ కేర్ నంబరు ఎంగేజ్ అవుతుంది, వాట్సాప్ గ్రూపులు నిండిపోతాయి. బీఎఫ్‌డీ చేసేదల్లా సెకనులో అయిదోవంతుకోసారి ‘ఉన్నావా’ అని అవతలి రౌటర్‌ను పలకరించడం. వరసగా అయిదుసార్లు పలకకపోతే సెకనులో దారి మార్చేస్తుంది. వీ6లో అది ఉండేది. వీ7 స్టేబుల్‌గా వచ్చినప్పుడు లేదు. తిరిగి రావడానికి 2023 దాకా పట్టింది.

రెండోది చూపులకు చిన్నది. పక్క ప్రొవైడర్‌కు మన రౌటర్ ఏయే దారులు ప్రకటిస్తోందో వీ6లో ఒక్క కమాండ్‌తో తెర మీద కనిపించేది. ఇది సోకు కోసం చూసుకునేది కాదు. ఒక అప్‌స్ట్రీమ్ దగ్గర నేర్చుకున్న దారులు పొరపాటున ఇంకో అప్‌స్ట్రీమ్‌కు ప్రకటిస్తే, చిన్న ఆపరేటర్ రౌటర్ మీదికి ఎవరిదో ట్రాఫిక్ వరదలా వచ్చి పడుతుంది. ఏ దారి ఒప్పుకోవాలో, ఏది వద్దో చెప్పే ఫిల్టర్ కొత్తగా రాసిన ప్రతి ఇంజినీరూ ముందు చూసేది ఈ జాబితానే. వీ7 తొలి వెర్షన్లలో ఆ కమాండ్ లేదు. బదులుగా చూపించిన మార్గం ఏమిటంటే, ప్రకటనలను ప్యాకెట్ క్యాప్చర్ ఫైలుగా రౌటర్‌లో సేవ్ చేయాలి, ఆ ఫైలును కంప్యూటర్‌లోకి దించుకోవాలి, ప్యాకెట్లను విప్పి చూపే వైర్‌షార్క్ ప్రోగ్రామ్‌లో తెరిచి చదువుకోవాలి. గుమ్మంలో ఎవరున్నారో చూడటానికి ఫొటో తీసి, స్టూడియోకి పంపి, కడిగించి తెప్పించుకున్నట్టు.

ఫిల్టర్ల సంగతీ చెప్పుకోవాలి, ఎందుకంటే అందులో కంపెనీదే సరైన పక్షం, అయినా దెబ్బ తగిలింది ఆపరేటర్‌కే. వీ6లో ఫిల్టర్ అంటే వరసల జాబితా. ఏ వరసకూ తగలని దారి చివరికి లోపలికి వచ్చేసేది. వీ7లో ఫిల్టర్ చిన్న ప్రోగ్రామ్‌లా ఉంటుంది, ‘ఇది ఇలా ఉంటే ఒప్పుకో’ అని రాయాలి, దేనికీ తగలనిది గుమ్మం బయటే ఆగిపోతుంది. భద్రత లెక్కన రెండోదే మంచి పద్ధతి. కానీ పదేళ్లు వీ6 మీద చేయి తిరిగినవాడు రాత్రి రెండింటికి అలవాటు కొద్దీ రెండు రూల్స్ రాసి ఎంటర్ కొడితే, పది లక్షల దారులు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. అతనికి ముందు చెమటలు పడతాయి, కారణం తర్వాత తెలుస్తుంది.

ఇవి ఇలా ఉండగా వేరేవి వస్తూ పోయాయి. 2022లో, 7.4తో, రౌటర్ లోపలే కంటైనర్లు, అంటే విడి డబ్బీల్లో పెట్టినట్టుండే బయటి ప్రోగ్రాములు, నడిపే సౌకర్యం వచ్చింది. యాడ్ బ్లాకర్‌నో చిన్న వెబ్ సర్వర్‌నో రౌటర్‌లోనే పెట్టుకోవచ్చు. ఎక్కడెక్కడో ఉన్న కంప్యూటర్లను ఒకే నెట్‌వర్క్‌లా కలిపే జీరోటియర్ వచ్చింది. ఫైళ్లు పంచుకునే సర్వర్, డిస్కులను రెయిడ్‌గా కలిపే స్టోరేజ్ ప్యాకేజీ, టీవీకి వీడియోలు పంపే డీఎల్‌ఎన్‌ఏ, బయటి నుంచి ఇంటి నెట్‌వర్క్‌లోకి ఫోన్‌తో వచ్చే ‘బ్యాక్ టు హోమ్’ వచ్చాయి. ఆఖరికి ఆ స్టోరేజ్ సాఫ్ట్‌వేర్‌కు తగ్గట్టు వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు 20 పట్టే డేటా సర్వర్ డబ్బా కూడా తయారైంది.

కంటైనర్లు రాసేవాడు, బీజీపీ రాసేవాడు ఒకరు కాకపోవచ్చు కదా అని అడగొచ్చు. నిజమే. వంటవాడిని తీసేస్తే డ్రైవర్ పని త్వరగా అవదు. ఉద్యోగులు కొన్ని వందల్లోనే ఉన్న కంపెనీలో రౌటింగ్ ప్రోటోకాల్ లోతులు తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటారు. ఈ వాదన వరకు కంపెనీదే న్యాయం. అయితే ఆపరేటర్ల ఇబ్బంది ఎవరు రాశారన్న దాంట్లో లేదు, విడుదల చేసే తీరులో ఉంది. బీజీపీలో ఒక తప్పు దిద్దారనుకుందాం. ఆ దిద్దుబాటు వచ్చేది కొత్త వెర్షన్‌తో. ఆ వెర్షన్‌తో పాటే కొత్త స్టోరేజ్ కోడూ, కొత్త వైఫై కోడూ, కొత్త తప్పులూ వస్తాయి. వీ6కి లాంగ్ టర్మ్ అనే ఛానల్ ఉండేది. కొత్త హంగులేమీ లేకుండా మరమ్మతులు మాత్రమే అందులోకి వచ్చేవి, ప్రొవైడర్లు నమ్ముకున్నది దాన్నే. వీ7 స్టేబుల్ అయ్యాక కొన్నేళ్ల వరకు దానికి అలాంటి ఛానలే లేదు. కంటైనర్ల మీద కసురుకోవడం కంటే ఈ ఖాళీ మీద నిలదీయడం ఎక్కువ సబబు. బీఎఫ్‌డీ ఆలస్యం కావడం పనిభారం, లాంగ్ టర్మ్ లేకపోవడం మాత్రం నిర్ణయం.

ఆ నిర్ణయం ఎక్కడి నుంచి వస్తుందో డబ్బు లెక్క చూస్తే తెలుస్తుంది. పెద్ద కంపెనీల రౌటర్ కొంటే డబ్బా ధరతో పని అయిపోదు. ఏటా సపోర్ట్ కాంట్రాక్టు కట్టాలి, కొన్ని ఫీచర్లకు విడిగా లైసెన్సు కొనాలి. అది భారమే, కానీ దాని వల్ల ఒక మేలుంది. పాత డబ్బా నడుపుతున్నవాడు కూడా ఏటా డబ్బు ఇస్తున్న కస్టమరే, కాబట్టి అతని మరమ్మతుకు విలువ ఉంటుంది. మైక్రోటిక్‌లో అలా కాదు. లైసెన్సు డబ్బాతోనే వస్తుంది. లెవెల్ 4 అయితే 200 పీపీపీఓఈ కనెక్షన్లు (కస్టమర్లు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌లతో కలిసేవి), లెవెల్ 5 అయితే 500, లెవెల్ 6కు పరిమితి లేదు. అప్‌డేట్లకు ఏటా కట్టేదేమీ లేదు. 16 కోర్లు, 10 గిగాబిట్ పోర్టులు ఉన్న సీసీఆర్ 2116 వెయ్యి డాలర్ల లోపే వచ్చింది. ఇంత చవక ఇంకెక్కడా దొరకదు. కానీ ఆ డబ్బా అమ్మిన రోజుతో కంపెనీకి ఆ కస్టమర్ నుంచి వచ్చే ఆదాయం ఆగిపోయింది. మళ్లీ డబ్బు రావాలంటే ఇంకో డబ్బా అమ్మాలి. ఇంకో డబ్బా అమ్ముడుపోవాలంటే పెట్టె మీద రాయడానికి కొత్త మాట కావాలి. ‘కంటైనర్లు నడుస్తాయి’ అని పెట్టె మీద రాయొచ్చు. ‘బీజీపీ ఇప్పుడు తిన్నగా పనిచేస్తుంది’ అని ఎవరు రాస్తారు?

వీ7 ముందుగా ఎక్కిన వస్తువుల్లో ఒకటి ఏమిటో గుర్తు చేసుకుంటే ఈ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. 2020లో కంపెనీ షాటో అనే ఎల్‌టీఈ (4జీ సిమ్‌తో నడిచే) రౌటర్ అమ్మకానికి పెట్టింది. ఇంట్లో టేబుల్ మీద పెట్టుకునేది. అది వీ7 బీటాతోనే వచ్చింది. ప్రొవైడర్ల ర్యాక్‌లోకి వీ7 స్టేబుల్‌గా రావడానికి ఇంకో ఏడాది పైన పట్టింది. హార్డ్‌వేర్ ఎటు పోతే సాఫ్ట్‌వేర్ అటు పోతుంది.

టవర్ల మీద వైర్‌లెస్ ఇచ్చేవాళ్ల బాధ వేరే రకం. ఒకే టవర్ నుంచి అనేక ఇళ్లకు సిగ్నల్ పంచేటప్పుడు అందరూ ఒకేసారి మాట్లాడకుండా వంతులు వేసే ఎన్‌వీ2 అనే సొంత పద్ధతిని మైక్రోటిక్ ఎప్పుడో ఇచ్చింది, వాళ్ల వ్యాపారాలు దాని మీదే నిలబడ్డాయి. కొత్త వైఫై డ్రైవర్లలో ఎన్‌వీ2 లేదు. కొత్త డ్రైవర్ ఇంటి వైఫైకి చాలా బాగుంటుంది. పాత డ్రైవర్‌తో ఉండిపోవచ్చు, కానీ ఇక అందులో కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

మన దగ్గరి ఆపరేటర్లకు ఇంకో అవసరం ఉంది. పబ్లిక్ ఐపీలు, అంటే బయటి ప్రపంచానికి కనిపించే ఇంటర్నెట్ చిరునామాలు, చాలవు కాబట్టి ఒక్కో ఐపీని పదుల ఇళ్లకు పంచుతారు. ఏ రోజు ఏ సమయానికి ఏ ఐపీ, ఏ పోర్టు ఏ కస్టమర్ దగ్గరుందో పోలీసులు అడిగితే చెప్పాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్స్ 180 రోజులు భద్రపరచాలి. ప్రతి కనెక్షన్‌నూ లాగ్ చేస్తే డిస్కులు చాలవు. ఈ కస్టమర్‌కు ఈ పోర్టుల బ్లాకు అని ముందే పంచేస్తే లాగ్ బాగా తగ్గిపోతుంది. ఖరీదైన రౌటర్లలో ఇది ఒక సెట్టింగు. మైక్రోటిక్ డాక్యుమెంటేషన్ ఇచ్చిందేమో ఒక స్క్రిప్టు. దాన్ని నడిపితే ఒక్కో కస్టమర్‌కు విడివిడిగా వందలు, వేల రూల్స్ పుట్టుకొస్తాయి. పని జరుగుతుంది, కానీ ఆ జాబితాలో ఎక్కడో తేడా వస్తే వెతకడం గడ్డివాములో సూదిని వెతకడమే.

అన్నిటికంటే గట్టిగా గుర్తుండిపోయిన ఘటన ఐపీవీ6ది. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని ఒక చిన్న ప్రొవైడర్ ఇంజినీర్, ఒక రకం ఐపీవీ6 ట్రాఫిక్ రౌటర్ గుండా వెళ్తే చాలు, మెమరీ నిండిపోయి రౌటర్ రీబూట్ అవుతోందని కంపెనీకి తెలియజేశాడు. రౌటర్‌లోకి చొరబడక్కర్లేదు, పాస్‌వర్డ్ అక్కర్లేదు, దాని మీదుగా ప్యాకెట్లు పంపితే చాలు. కారణం మళ్లీ ఆ పాత కెర్నెల్‌లో వాడిన దారులను గుర్తుపెట్టుకునే రూట్ క్యాష్ దగ్గరికే పోతుంది. నెలలు గడిచాయి. 2019 ఏప్రిల్‌లో బ్రిటన్ నెట్‌వర్క్ ఆపరేటర్ల వేదిక యూకేనాఫ్ సమావేశంలో దీని వివరాలు బహిరంగంగా చెబుతానని అతను ప్రకటించాకే కంపెనీలో కదలిక కనిపించింది. ప్రసంగానికి కొద్ది రోజుల ముందు మరమ్మతు విడుదలైంది. ఏడాది పాటు కానిది కొద్ది వారాల్లో అయింది. చేయలేక ఆగిన పని కాదని, వరసలో వెనక ఉండి ఆగిన పని అని ఆపరేటర్లు అర్థం చేసుకున్నది అప్పుడే.

అలాగని ఆపరేటర్లంతా అమాయకులేం కాదు. అదే 2018 ఏప్రిల్‌లో రౌటర్ సెట్టింగులు మార్చుకునే మైక్రోటిక్ సాధనం విన్‌బాక్స్‌లో పెద్ద లోపం బయటపడితే కంపెనీ వెంటనే మరమ్మతు ఇచ్చింది. నెలల తర్వాత ఆగస్టులో చూస్తే, బ్రెజిల్‌తో మొదలుపెట్టి లక్షల మైక్రోటిక్ రౌటర్లలో క్రిప్టో మైనింగ్ స్క్రిప్టులు దూరి ఉన్నాయి. కారణం అప్‌డేట్ చేయకపోవడమే. అందులో సగం నిర్లక్ష్యం. మిగతా సగం, అప్‌డేట్ చేస్తే ఇంకేం పోతుందోనన్న టెన్షన్. ఆ టెన్షన్ ఎక్కడి నుంచి వచ్చిందో పైన చెప్పుకున్నదే. ఇక కొత్త వెర్షన్‌ను టెస్ట్ చేయడానికి విడిగా ఒక డబ్బా పెట్టుకోకుండా, వేలమంది కస్టమర్లున్న రౌటర్ మీదే ప్రయోగం చేసి తర్వాత తిట్టుకునేవాళ్లకూ కొదవ లేదు. వెయ్యి డాలర్ల డబ్బా కొని లక్ష డాలర్ల డబ్బాకిచ్చే మర్యాద అడగడంలో కొంచెం పేరాశ ఉంది.

ఇంకో కంపెనీకి మారిపోవచ్చు కదా అంటే, అక్కడా ఇదే వరస. యుబిక్విటీ కూడా ఒకప్పుడు వైర్‌లెస్ ప్రొవైడర్లను నమ్ముకుని ఎదిగిన కంపెనీయే. ఇవాళ దాని ఆదాయంలో పెద్ద వాటా ఆఫీసులకు అమ్మే యూనిఫై వైపుది, ప్రొవైడర్ల వైపుది చిన్న ముక్క. కొందరు ఆపరేటర్లు సాధారణ సర్వర్ మీద లినక్స్ వేసి, బీజీపీని బర్డ్, ఎఫ్‌ఆర్‌ఆర్ లాంటి ఉచిత రౌటింగ్ సాఫ్ట్‌వేర్‌కు అప్పగించి, మైక్రోటిక్‌ను పీపీపీఓఈకి, కస్టమర్ల వేగాన్ని అదుపు చేసే క్యూలకు మాత్రమే ఉంచుకున్నారు. బాగానే నడుస్తుంది, లినక్స్ తెలిసిన మనిషి జీతం కట్టగలిగితే.

కట్టలేనివాళ్లు వీ6 లాంగ్ టర్మ్ మీదే ఏళ్లు గడిపారు. అయితే ఆ దారి సన్నబడుతోంది. టైలెరా చిప్‌ల డబ్బాలకు వయసు మీద పడింది, ట్రాఫిక్ పెరిగింది. వాటి స్థానంలో తీసుకోవాల్సిన సీసీఆర్ 2116, 2216ల మీద వీ6 అసలు ఎక్కదు. హార్డ్‌వేర్ మార్చిన రోజే సాఫ్ట్‌వేరూ మారాలి. అందుకే ఆ మార్పు రాత్రి చాలామంది ఒకే పని చేస్తారు. పాత డబ్బా కాన్ఫిగరేషన్‌ను టెక్స్ట్ ఫైలుగా దించుకుంటారు, కొత్తదాంట్లో ఒక్కో వరస చూసుకుంటూ రాస్తారు, తెల్లవారుజామున మూడింటికి కేబుళ్లు అటు నుంచి ఇటు మారుస్తారు. పాత సీసీఆర్‌ను ర్యాక్ నుంచి విప్పరు. కరెంటు కూడా తీయరు. కనీసం నెల రోజులు దాని ఎల్‌సీడీ తెర అలా వెలుగుతూనే ఉంటుంది, కొత్త డబ్బాకు కింది అరలో.